మూడు రంగుల గమ్ ప్రింట్: నీలం పొరకు సయనోటైపా, గమ్మేనా?

చీకటిగది:
గమ్ ప్రింట్ అంటే తుమ్మబంక, రంగు, వెలుతురుకి బంకని గట్టిపరిచే డైక్రోమేట్ రసాయనం కలిపి కాగితం మీద పూసి, నెగెటివ్ కింద ఎండకి పెట్టి, గట్టిపడని చోట కడిగేయడం. మూడు రంగులకి ఫోటోని మూడు నెగెటివ్‌లుగా విడదీస్తాం. ఎరుపు ఛానెల్ నెగెటివ్‌తో నీలం, ఆకుపచ్చ ఛానెల్‌తో మెజెంటా, నీలం ఛానెల్‌తో పసుపు వేస్తాం. ఆ మొదటి నీలాన్ని సయనోటైప్‌తో (ఇనుప లవణాలు పూసి ఎండలో ప్రష్యన్ నీలం తెప్పించే ప్రింటు పద్ధతి) కానిచ్చేయమని కొత్తవాళ్లకి అందరూ చెబుతున్నారు. నేను ఒప్పుకోను. ప్రష్యన్ నీలం సయాన్ కాదు, దానికంటే బాగా ముదురు. దాని మీద పసుపు వేస్తే వరినారు పచ్చ రాదు, నూతిగట్టు పాచి రంగు వస్తుంది. గమ్‌లోనే థాలో నీలం (రంగు ట్యూబు మీద పి.బి. 15:3 అనే గుర్తు ఉండేది) వాడితే ఆ లేత పచ్చ వస్తుంది. ఇంకో సంగతి: గమ్ పొర ఎక్కువైతే తడిగా ఉండగానే మెత్తని బ్రష్‌తో తగ్గించుకోవచ్చు. సయనోటైప్‌లో ఆ వీలు లేదు.

నీలిపొర:
పచ్చల విషయంలో మీ మాట నిజమే. కానీ ముఖాల సంగతి చూడండి. గమ్ ఒక్క పొరలో పట్టే ఛాయలు తక్కువ. కనురెప్పల వెంట్రుకలు, చీర జరీ లాంటి సన్నని వివరం మూడు గమ్ పొరల్లో ఒకదాని మీద ఒకటి అర మిల్లీమీటరు జరిగినా మసకబారుతుంది. సయనోటైప్ ఆ వివరాన్ని కాగితం నారలోకే దింపేస్తుంది. పైన గమ్ కేవలం రంగు ఇస్తే చాలు.

చాలామంది తప్పు చేసేది ఎక్స్‌పోజర్‌లో, అంటే ఎండకి పెట్టే సమయంలో. సయనోటైప్‌ని విడి ప్రింటులా నిండుగా తీస్తే నీడలన్నీ నీలంతో నిండిపోతాయి, మెజెంటాకి చోటుండదు. మామూలు సమయంలో సగం దగ్గర మొదలుపెట్టండి. ఉతికి ఆరాక 'అయ్యో, వెలిసిపోయిందే' అనిపించాలి. అదే సరైన పొర. నెగెటివ్ కూడా వేరుగా చేసుకోవాలి. గమ్‌కి చేసిన కర్వ్ (నెగెటివ్‌లో ఛాయల సర్దుబాటు) దీనికి పనికిరాదు.

ఇలా కలపడం అక్రమమేమీ కాదు. 1904లో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ 'ది పాండ్, మూన్‌లైట్' అనే ఫోటోకి ప్లాటినం ప్రింటు మీదే గమ్ వేశాడు.

తుమ్మబంక:
ఏ దారైనా కాగితం దగ్గరే సగం ప్రింట్లు పోతాయి. 300 జి.ఎస్.ఎం. నూలు కాగితాన్ని ముందే వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఆరేయాలి. లేకపోతే రెండో పొరకల్లా కుదించుకుపోయి నెగెటివ్ కూర్చోదు. సయనోటైప్ వేసేవాళ్లు వరుస గుర్తుంచుకోండి: ముందు కుదింపు, తర్వాత సయనోటైప్, ఆ తర్వాతే 3 శాతం జెలటిన్ సైజింగ్ (రంగు కాగితంలోకి ఇంకకుండా వేసే పూత). సైజు మీద వేస్తే నీలం పైపైనే ఉండి కడిగినప్పుడు కారిపోతుంది. జెలటిన్ గట్టిపడడానికి గ్లయాక్సాల్‌లో వంటసోడా కలిపే అలవాటుంటే ఇక్కడ మానండి, క్షారం ప్రష్యన్ నీలాన్ని తినేస్తుంది.

బంక 35 గ్రాములు పలచని గుడ్డలో మూటకట్టి 100 మి.లీ. చన్నీళ్లలో రాత్రంతా వేలాడదీస్తే బెరడు, ఇసుక మూటలోనే ఉండిపోతాయి. ఈ బంక 10 మి.లీ.కి ట్యూబు వాటర్‌కలర్ ఒక గ్రాముతో మొదలుపెట్టండి. థాలో అయితే అందులో సగం. దీనికి సమానంగా 10 శాతం పొటాషియం డైక్రోమేట్ కలపాలి. పూసేటప్పుడు బ్రష్ గీతలు సర్దుకుని తడి మెరుపు పోయేదాకా పొడి బ్రష్‌తో దువ్వాలి. ఆరాక కూడా మెరుస్తుంటే పూత మందమైనట్టే. కడిగేటప్పుడు అది పెచ్చులుగా లేచిపోతుంది. తెల్లగా ఉండాల్సిన చోట రంగు పట్టుకుంటే ఎక్కువసార్లు కారణం సైజింగ్ చాలకపోవడమో, రంగు ఎక్కువవడమో. వర్షాకాలంలో మూడోది కూడా ఉంది: తేమకి పూత చీకట్లోనే గట్టిపడుతుంది. పూసిన గంటలోపు ఎండకి పెట్టేయండి.

చీకటిగది:
క్షారం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మన ఊళ్లలో చాలామంది కడిగేది బోరునీళ్లతో. మూడు పొరలు, ఒక్కోదానికి ముప్పావుగంట నానబెట్టడం. అప్పటికి మీ లేత సయనోటైప్‌లో ఏం మిగులుతుంది? థాలోకి ఆ భయం లేదు.

నీలిపొర:
మంచి ప్రశ్న. సయనోటైప్ మొదటి కడుగులో లీటరుకి 2 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే నీలం నిలుస్తుంది. తర్వాతి పొరల నీళ్లకి చిటికెడు చాలు. డైక్రోమేట్ ఆమ్లమే కాబట్టి నీలానికి హాని లేదు. చివర్లో డైక్రోమేట్ వదిలే పసుపు మరక తీయడానికి 1 శాతం పొటాషియం మెటాబైసల్ఫైట్ వాడండి. సోడియం సల్ఫైట్ వద్దు, అది క్షారం. కాగితంలో కాల్షియం కార్బొనేట్ (ఇదీ క్షారమే) ఉంటే మాత్రం ఎన్ని చేసినా నీలం పాలిపోతుంది. అలాంటి కాగితం మీద మీ పద్ధతే మేలు.

తుమ్మబంక:
ఇద్దరికీ ఒక మాట. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి అనుమతి లేకుండా వాడే వీల్లేదు. పొడి తూచేటప్పుడు మాస్కు, చేతులకి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. వంటగిన్నెలు ముట్టుకోవద్దు. మిగిలిన ద్రావణాన్ని తూములో పోయకండి. అందులో విటమిన్ సి పొడి కలుపుతూ పోతే నారింజ రంగు పోయి ఆకుపచ్చకి తిరుగుతుంది, విషం తగ్గుతుంది. అది కూడా విడి సీసాలో దాచి రసాయన వ్యర్థాల వాళ్లకే ఇవ్వండి.

చీకటిగది:
సరే, మనిషి ముఖానికి సయనోటైప్ ఒప్పుకుంటా. వరిచేనుకి మాత్రం ఒప్పుకోను. ఒకే కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకే ఫోటో ఇటు సయనోటైప్ మీద, అటు థాలో మీద తీసి, పసుపు పొర రెండింటికీ ఒకే గిన్నెలోంచి పూయండి. పచ్చలు పక్కపక్కన పెట్టి చూసి మాట్లాడుకుందాం.