'డార్విన్!' తర్వాత ఏం వినాలి?

ఇటాలియన్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు తిరిగే రాక్ సంగీతం) వినేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. పీఎఫ్ఎం బ్యాండ్ ఆల్బమ్ 'పెర్ ఉన్ అమీకో'తో మొదలుపెట్టి, బాంకో బ్యాండ్ ఆల్బమ్ 'డార్విన్!' దగ్గర ఇరుక్కుపోయాను. రెండూ 1972లో వచ్చినవే. 'డార్విన్!'లో నోచెంజీ అన్నదమ్ముల పియానో, ఆర్గాన్ ఒక ఎత్తు, ఫ్రాంచెస్కో డి జాకొమో గొంతు ఒక్కటే ఒక ఎత్తు. భాష రాకపోయినా ఆ పాట పట్టేస్తుంది.

ఇప్పుడు లే ఓర్మె బ్యాండ్ ఆల్బమ్ 'ఫెలోనా ఎ సొరోనా' (1973) వినాలని ఉంది. దానికి ఇంగ్లిష్ గాయకుడు పీటర్ హామిల్ సాహిత్యంతో ఇంగ్లిష్ రూపం కూడా ఉంది కదా, ముందు ఏది వినమంటారు? పీఎఫ్ఎం ఇంగ్లిష్ ఆల్బమ్ 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' నాకైతే చప్పగా అనిపించింది. కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌కి పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ రాసినా సరే! అందుకే ఈ అనుమానం.

ఇంకొకటి. డెమెట్రియో స్ట్రాటోస్ పాడిన ఆరేయా బ్యాండ్ కూడా ప్రయత్నించాను. గొంతు అద్భుతం, కానీ ఆ జాజ్ గందరగోళం నా తలకెక్కలేదు. మ్యూజియో రోజెన్‌బాఖ్ బ్యాండ్ ఆల్బమ్ 'జరతుస్త్ర' నాకు నచ్చుతుందా? కీబోర్డులు బాగా మోగాలి, పాడేవాడు గొంతెత్తి పాడాలి. అలాంటివి ఇంకేమున్నాయి?