చిన్ననాటి వీధి ఆటలు, చేతిలో పావలా: ఇప్పటి పిల్లలకు ఎలా నేర్పించాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. నేను 1970ల చివర్లో బ్రాడీపేటలో పెరిగినవాణ్ణి. అప్పట్లో ఒక్కో లైనుకూ ఒక్కో జట్టు ఉండేది. అడ్డరోడ్డు దాటితే అవతలి జట్టు రాజ్యం. బడి సంచి గుమ్మంలో పడేసి వీధిలోకి వెళ్ళామంటే, దీపాలు పెట్టే వేళకు అమ్మ కేక వేసేదాకా ఇల్లు గుర్తుకు వచ్చేది కాదు. ఇప్పుడు మేముంటున్న అపార్ట్‌మెంటులో పిల్లలు చాలామందే ఉన్నా, సాయంత్రం కింది స్థలం బోసిగా ఉండటం చూసి మనసు చివుక్కుమంటోంది. ఈ వేసవి సెలవుల్లో మనవడికీ, వాడి స్నేహితులకూ మన ఆటలు నేర్పించాలనుకుంటున్నాను. ఏ ఆటతో మొదలుపెట్టమంటారు? ఆ రోజుల్లో చేతికి అందిన చిల్లరను మీరు ఎలా ఖర్చు చేసేవారో కూడా చెప్పగలరు.

జవాబు 1 (కృష్ణలంక, విజయవాడ)

బిళ్ళంగోడు నాకు ప్రాణమే అయినా ఇరుకు స్థలంలో వద్దండి. ఎగిరిన బిళ్ళ కంటికి తగిలితే ప్రమాదం. ఏడుపెంకులాటతో మొదలుపెట్టండి. బంతిని మాత్రం కొనవద్దు. పాత గుడ్డపేలికలను గట్టిగా ఉండ చుట్టి, సైకిలు షాపులో పారేసే ట్యూబును సన్నని పట్టీలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా బిగిస్తే చక్కగా ఎగిరే బంతి తయారవుతుంది. పెంకులను పెద్దదాని మీద చిన్నది వచ్చేలా పేర్చాలి. బంతితో వాటిని పడగొట్టిన జట్టు, ఎదుటివాళ్ళు విసిరే బంతి ఒంటికి తగలకుండా తప్పించుకుంటూ మళ్ళీ పేర్చాలి కాబట్టి, పరుగు రాని పిల్లవాడికి కూడా పేర్చే పని దొరుకుతుంది. ఆ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

మేమైతే ఎండాకాలం ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణ ఎండిపోయినప్పుడు, ఆ ఇసుకలో చెడుగుడు ఆడేవాళ్ళం. పడినా దెబ్బ తగలని అంతటి మైదానం మళ్ళీ ఎక్కడా చూడలేదు.

జవాబు 2 (సత్యనారాయణపురం, విజయవాడ)

చిల్లర సంగతి నేను చెబుతాను. నలుపలకల ఐదు పైసలు, వంకీల అంచున్న పది పైసలు మా చేతికి వచ్చే నాణేలు. పావలా అంటే ఏ చుట్టమో ఊరికి వెళ్తూ చేతిలో పెట్టాల్సిందే. చిన్న నాణేలు నిమ్మతొనలకూ, జీళ్ళకూ, పుల్లైసుకూ అయిపోయేవి. ఒక్కడే కొన్నా ఒక్కడే తినడం ఉండేది కాదు. జీడి మీద చొక్కా అంచు కప్పి, గుడ్డ పైనుంచే పంటితో పటుక్కున కొరికి ముక్కలు చేసి పంచేవాళ్ళం. అది కాకి ఎంగిలి కనుక ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. నిలువునా జీడి అంటుకుని గట్టిపడిన చొక్కా అంచు చూసి ఇంట్లో తిట్లు తప్పేవి కావు.

పావలా మాత్రం దాచుకుని అద్దె సైకిలుకు ఇచ్చేవాళ్ళం. షాపతను నోటు పుస్తకంలో టైము రాసుకుని సైకిలు ఇస్తే, కాళ్ళు అందక కమ్మీ కింది సందులోంచి కాలు దూర్చి తొక్కుతూ, ఉన్న కాస్త సమయాన్నీ నలుగురం వంతులు వేసుకునేవాళ్ళం. నాకు డబ్బు విలువ తెలిసింది ఆ వంతుల దగ్గరే.

జవాబు 3 (కొత్తపేట, గుంటూరు)

అన్నయ్యగారూ, పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి. ఆడపిల్లలనూ కలుపుకోండి, తొక్కుడుబిళ్ళకు నాలుగు సుద్దగీతలు, అచ్చనగాయలకు గుప్పెడు గులకరాళ్ళు చాలు.

అయితే నాదొక మనవి. ముందు పంటలు వేసుకుని దొంగను తేల్చుకోవడం నేర్పండి, తరువాత మీరు బల్ల మీద కూర్చోండి. మన చిన్నప్పుడు ఏ పెద్దవాళ్ళూ తీర్పరులుగా నిలబడలేదు. ఎవరైనా తొండి చేస్తే అరుచుకుని, అలిగి, కాసేపటికి మళ్ళీ మనమే జట్టు కట్టేవాళ్ళం. ప్రతి గొడవకూ పెద్దవాళ్ళు పరుగెత్తుకు వస్తే పిల్లలు ఆ ఆటను తమదిగా అనుకోరు.

పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది కదా, దాని కోసం బెంగ అనవసరం. పిల్లలందరికీ కలిపి ఒక చిన్న మొత్తం ఇచ్చి, ఏం కొనాలో, ఎలా పంచుకోవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. పెద్ద పిల్లవాడి చేతికి కాకుండా, ఆ రోజు అందరికంటే ఎక్కువసార్లు దొంగ అయిన పిల్లవాడి చేతికి ఇవ్వండి.