ఊరు అక్కర్లేదు, పేరు చాలు: 'ఇంటరెస్ట్' ప్యాకెట్‌ని తెలుగులో ఏమందాం?

పటమట పంతులమ్మ:
మా విజయవాడ కాలేజీలో మూడో ఏడాది పిల్లలకి వచ్చేవారం కంటెంట్ సెంట్రిక్ నెట్‌వర్కింగ్ చెప్పాలి. సెన్సర్లు, స్మార్ట్ మీటర్ల లాంటి వాటికి దీన్ని ఎలా వాడతారన్నది పాఠం. నోట్సు తెలుగులో రాస్తున్నా. 'విషయ కేంద్రిత జాలకం' అని రాసి నేనే కొట్టేశాను, వేదాంతం పేపరులా ఉంది.

సంగతి ఇదీ. ఇప్పటి ఇంటర్నెట్‌లో ఎవర్నయినా ఏదైనా అడగాలంటే ముందు ఆ యంత్రం ఐపీ అడ్రసు కావాలి. ఈ పద్ధతిలో యంత్రానికి కాదు, సమాచారానికే పేరు. '/గుంటూరు/ఏసీ4/ఛాంబర్2/ఉష్ణోగ్రత' అని అడిగితే, దారిలో అది ఎవరి దగ్గరుంటే వాళ్ళే ఇచ్చేస్తారు. 2009లో అమెరికాలోని పార్క్ అనే పరిశోధనశాలలో వ్యాన్ జాకబ్సన్ బృందం దీని మీద పేపరు వేసింది. మనం 'ఊరూ పేరూ' అని జంటగా అంటాం కదా, అందులో ఊరు తీసేసి పేరు ఉంచినట్టు అని మొదలుపెడదామనుకుంటున్నా. అతుకుతుందా?

రెండో చిక్కు: నెట్‌వర్కులో సమాచారం చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది కదా, ఫలానాది కావాలని అడిగే ప్యాకెట్‌ని ఈ పద్ధతివాళ్ళు ఇంటరెస్ట్ అంటారు. 'ఆసక్తి' అంటే పెళ్ళిచూపుల్లో మాటలా ఉంది. ఇంటరెస్ట్ అనే వదిలేస్తే మావాళ్ళకి ముందు వడ్డీ గుర్తొస్తుంది.

బ్రాడీపేట మాస్టారు:
'ఊరూ పేరూ లేనివాడు' అంటే ఎవరూ ఎరగనివాడని. కాబట్టి ఊరు తీసేసినా పేరుతో గుర్తుపట్టగలమని చెప్పడానికి ఆ జంట బాగానే అతుకుతుందమ్మా. అయితే మన పేర్ల వరస ఇంకా బాగా పనికొస్తుంది. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. పెద్దది ముందు, చిన్నది తర్వాత. కవరు మీద అడ్రసు దీనికి తలకిందులు, డోర్ నంబరుతో మొదలై జిల్లాతో ఆగుతుంది.

పటమట పంతులమ్మ:
సరిగ్గా అదే మాస్టారూ! ప్యాకెట్లకి దారి చూపే యంత్రం, అదే రౌటరు, పేరుని ముందునుంచే పోల్చుకుంటూ వస్తుంది. తన పట్టికలో ఎక్కువ భాగం కలిసిన వరస ఏదో చూసి అటు పంపుతుంది.

సత్యనారాయణపురం:
ఊరు పోయిందంటారేమిటండీ? '/గుంటూరు' అని పేరులోనే కూర్చుందిగా. గుంటూరు ఎటువైపో రౌటరుకి తెలియకపోతే ఆ ప్యాకెట్ ఎక్కడికి పోతుంది? ఊరుని తలుపులోంచి పంపి కిటికీలోంచి రానిచ్చారు.

బ్రాడీపేట మాస్టారు:
మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళ పేర్లే బాబూ. ఆ ఊరు వదిలి నాలుగు తరాలైనా ఇంటిపేరు మారదు. ఆ పేరుగల మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలని ఎవరైనా అనుకుంటారా?

సత్యనారాయణపురం:
అనుకోరు. కానీ అతన్ని వెతకాలంటే మొదటి వాకబు ఆ ఊళ్ళోనే చేస్తారు. నేననేది అదే. పుట్టినచోటికి దారి తెలిసుండాలి, కానీ జవాబు మధ్యలో ఎక్కడ దొరికినా చాలు. నోట్సులో ఈ రెండు ముక్కలూ కలిపి రాయండి, లేకపోతే పిల్లలు దారి వెతకడం అనే పనే లేదనుకుంటారు.

పటమట పంతులమ్మ:
ఒప్పుకున్నా. అన్నట్టు మీరు వాడిన 'వాకబు' నాకు కావాలి! ఇంటరెస్ట్‌కి అదే పెట్టేస్తా.

మిర్చియార్డు దగ్గర:
ఆ ఉదాహరణలో ఏసీ ఏంటో మిగతావాళ్ళకి అర్థమైందో లేదో. గుంటూరులో కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటాం. 'టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏసీలో పెట్టాం' అంటే అదే. సరే, నా ప్రశ్న. సెన్సరు బ్యాటరీది, ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. అది నిద్రపోతుంటే వాకబుకి జవాబెవరు చెబుతారు?

పటమట పంతులమ్మ:
ఈ పద్ధతి మీద మోజంతా అక్కడేనండీ. సెన్సరు ఒకసారి ఇచ్చిన రీడింగు దారిలోని నోడ్ల (రౌటర్ల లాంటి యంత్రాల) దగ్గర నిల్వ ఉండొచ్చు, తర్వాత అడిగినవాళ్ళకి అవే ఇస్తాయి. నలుగురు ఒకే పేరు ఇంచుమించు ఒకేసారి అడిగితే మధ్యలో నోడు ఒక్క వాకబే ముందుకు పంపి, జవాబు రాగానే నలుగురికీ పంచుతుంది. మధ్యవాడిని నమ్మడమెలా అంటే, రీడింగు మీద పుట్టించినవాడి డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరి చేతుల్లోంచి వచ్చినా సంతకం సరిచూసుకోవచ్చు.

నిల్వ అంటే పాతబడుతుంది కూడా. అందుకే ఎంతసేపటి వరకు తాజా అన్న గడువు రీడింగుతోనే వెళ్తుంది. ఆ ఫీల్డుకి 'తాజా గడువు' అని రాశా. గంటకిందటి చల్లదనం చూసి ధీమాగా కూర్చుంటే లోపల సరుకు పాడవుతుంది.

మిర్చియార్డు దగ్గర:
మరి కంప్రెసరు ఆగిపోయి వేడెక్కితే? అది వాకబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందా?

బ్రాడీపేట మాస్టారు:
అడగందే అమ్మయినా పెట్టదు!

పటమట పంతులమ్మ:
ఆ సామెత పాఠానికి శీర్షిక చేసెయ్యొచ్చు. వాకబు లేకుండా డేటా పంపకూడదన్నది ఇందులో మూలసూత్రం. హెచ్చరికలకి ఇది నిజంగానే ఇబ్బంది. ముందే ఒక వాకబు పంపి ఉంచడం, అది గడువు తీరేలోపు మళ్ళీ పంపుతూ ఉండడం ఒక దారి. సెన్సరే తిరిగి ఒక వాకబు పంపి 'నన్ను అడుగు' అనడం ఇంకోటి. రెండూ అతుకులే అని నా అభిప్రాయం.

సత్యనారాయణపురం:
ఇంకో మాట. పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

పటమట పంతులమ్మ:
పేరంటే వాళ్ళకి బైట్ల వరసే కాబట్టి పెట్టొచ్చు. ఖర్చు చూడండి మరి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'గుంటూరు'కి 21 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 6. ఈ చిన్న పరికరాలు వాడే 802.15.4 రేడియోలో ఒక విడతలో పంపే మొత్తం ఫ్రేమే 127 బైట్లు, అందులో హెడర్లు (ముందుండే వివరాలు), సంతకం కూడా ఇరుక్కోవాలి. పేర్లు పొడవన్న బాధ ఇంగ్లీషువాళ్ళకీ ఉంది. 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9139 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చాలావరకు ఇలాంటి నెట్‌వర్కుల కోసం పేర్లనీ హెడర్లనీ కుదించడం గురించే.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ఒక్క అభ్యంతరం. 'వాకబు' ఉర్దూ వైపు నుంచి వచ్చిన మాట. మనం 'వాకబు చేశాడు' అంటాం గానీ 'నాలుగు వాకబులు వచ్చాయి' అనం. లెక్కపెట్టాల్సిన చోట నాలుక తడబడుతుంది.

పటమట పంతులమ్మ:
'వాకబు చీటీ' అంటే? చీటీలైతే లెక్కపెట్టొచ్చు, వెళ్ళేది ఎలాగూ ప్యాకెట్టే.

బ్రాడీపేట మాస్టారు:
బావుంది. అయితే జవాబు తెచ్చేదాన్ని 'డేటా' అనే ఉంచండి, దానికి కొత్త మాట వెతక్కండి.