సైటు పనులకు స్ప్రింట్ పద్ధతి సరిపడుతుందా? పాత షెడ్యూలును పక్కన పెట్టవచ్చా?

ప్రశ్న (సైట్ ఇంజనీరు, నెల్లూరు)

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు కట్టే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ పునాది నుంచి యంత్రాల బిగింపు వరకు ముందే బార్ చార్టు (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో అడ్డగీతలతో చూపే పట్టిక) వేసుకుని, నెలనెలా దానితో పోల్చి చూసుకుంటూ వచ్చాము. ఈ మధ్య మా ప్రధాన కార్యాలయం ఒక కన్సల్టెంటు సలహా మీద ఆ షెడ్యూలును మానేయమని చెప్పింది. పనులన్నిటినీ రెండేసి వారాల స్ప్రింట్లుగా విడగొట్టాలట, ప్రతి పనినీ సాఫ్ట్‌వేర్ బోర్డు మీద కార్డుగా పెట్టాలట, రోజూ ఉదయం తొమ్మిదింటికి వీడియో సమావేశంలో నివేదించాలట. సరిగ్గా ఆ వేళకే రెడీమిక్స్ బండి సైటులోకి వస్తుంది. మేస్త్రీలు ఆ సమావేశంలో ఉండరు, ఆ బోర్డును చూడరు. కొత్త పద్ధతుల్లో మంచి ఉందని నేనూ నమ్ముతున్నాను. అందులో మా పనికి పనికొచ్చేది ఏది, పాతదాంట్లో వదులుకోకూడనిది ఏది, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్రస్తుతం కావలిలో ఇంటి నుంచి పని)

మీకు ఇచ్చిన పద్ధతి మా రంగంలో పుట్టినది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని, ఈ పద్ధతులకు మూలమైన అజైల్ ప్రకటన రాశారు. పెద్ద పెద్ద ప్రణాళికలు వేసుకుని, ఏళ్ల తరువాత తీరా వాడుకరి చేతికి ఇచ్చేసరికి అది అతనికి అక్కరలేనిదై ఉండడం వారు చూసిన సమస్య. ప్రణాళికను పట్టుకుని వేలాడడం కన్నా మార్పుకు స్పందించడం మేలన్నారు గానీ, ప్రణాళికకు విలువ లేదనలేదు. ఆ విలువ ఉందని అదే ప్రకటనలో స్పష్టంగా రాశారు. మేము ఇవాళ రాసిన కోడును రేపు తుడిచి మళ్లీ రాయగలము. పోసిన కాంక్రీటుతో ఆ పని కుదరదు కనుక మీరు అదే పద్ధతిని అదే రూపంలో తీసుకోవలసిన అవసరం లేదు.

అయితే ఒక దశలో అది మీకు నిజంగా పనికొస్తుంది. ప్లాంటు లేఅవుట్ ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు యజమాని గ్రేడింగ్ హాలు ఎటు ఉండాలి, నీరు పోయే కాలువ వాలు ఎటు, ఐసు ఎక్కడి నుంచి రావాలి అని పదేపదే మార్చుతూనే ఉంటాడు. అక్కడ రెండు వారాలకొకసారి డ్రాయింగు చూపించి, అభిప్రాయం తీసుకుని, సవరించి మళ్లీ చూపించండి. గచ్చు పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

రోజువారీ సమావేశం గురించి మరొక మాట. స్క్రమ్ (స్ప్రింట్లతో పని నడిపే అజైల్ పద్ధతి) నియమాల ప్రకారం అది 15 నిమిషాలు దాటకూడదు, పని చేసేవారు తమలో తాము ఆ రోజు పనిని సర్దుకోవడానికి ఉద్దేశించినది. పైవారికి హాజరు చెప్పుకునే సభగా దాన్ని మార్చేస్తే దానివల్ల వచ్చే లాభమంతా పోతుంది.

జవాబు 2 (విశ్రాంత ఇంజనీరు, ఒంగోలు)

బార్ చార్టును దయచేసి పారేయకండి. 1950ల చివర అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ పద్ధతిని, డ్యూపాంట్ కంపెనీ క్రిటికల్ పాత్ పద్ధతిని తెచ్చుకున్నది ఒకే కారణంతో: ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ముందే కనబడాలి. కట్టడంలో ఆ అవసరం నేటికీ తీరలేదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు వాడినప్పుడు 4.5 మీటర్లు దాటిన స్లాబు కింది జాకీలను 14 రోజుల వరకు, 6 మీటర్లు దాటిన దూలం కింద 21 రోజుల వరకు తీయకూడదు. ఈ గడువును ఏ స్ప్రింటూ తగ్గించలేదు. పైగా మీ నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. తుపాను భయం కూడా అప్పుడే. పునాదులు, పైకప్పు సెప్టెంబరులోగా ముగియాలంటే అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. కంప్రెసర్లు, పఫ్ ప్యానెళ్ల (చల్లదనాన్ని నిలిపే గోడ పలకల) ఆర్డర్లు ఎప్పుడు పెట్టాలో కూడా ఆ లెక్కలోనే తేలుతుంది. రెండు వారాల కార్డుల్లో ఇదంతా కనబడదు.

జవాబు 3 (ప్లానింగ్ ఇంజనీరు, చీమకుర్తి)

పెద్దలు చెప్పిన షెడ్యూలును ఉంచుకుంటూనే మీరు చేర్చుకోదగినది ఒకటుంది. మన రంగం వారే రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి అది. గ్లెన్ బలార్డ్, గ్రెగ్ హోవెల్ 1990లలో సైట్లలో లెక్క తీస్తే, వారం ప్రణాళికలో రాసుకున్న పనుల్లో ఆ వారంలోనే పూర్తయినవి సగానికి కాస్త పైన మాత్రమే అని తేలింది. కూలీలు బద్ధకించినందువల్ల కాదు. ముందు జరగవలసిన పని జరగకపోవడం, సామగ్రి రాకపోవడం, డ్రాయింగు అందకపోవడం వంటివి కారణాలు. అందుకని వారం ప్రణాళికను ఆఫీసులో కాకుండా, ఆ పని చేయించే మేస్త్రీలతోనే వేయించాలన్నారు. రాబోయే ఆరు వారాల పనులను ముందే చూసుకుని అడ్డంకులు తొలగించాలి, సిద్ధంగా ఉన్న పనికే మాట ఇవ్వాలి, వారాంతంలో ఎన్ని మాటలు నిలబడ్డాయో శాతంలో రాసి, నిలబడనివాటికి కారణం పక్కనే రాయాలి.

మా దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీ షెడ్డు కట్టేటప్పుడు శనివారం సాయంత్రం కూలి లెక్కలయ్యాక సిమెంటు గదిలో గోడకు చార్టు తగిలించి, ఒక్కో పనివారికి ఒక్కో రంగు చీటీ ఇచ్చేవాళ్లం. సోమవారం స్లాబు పోయాలని నేను షెడ్యూలులో రాసుకున్నాను. కడ్డీల మేస్త్రీ చీటీ అంటించకుండా చేతిలోనే పట్టుకుని, "కరెంటోళ్లు పైపులేస్తేనే గదా సార్ నేను పై వరస కడ్డీలు కట్టేది, వాళ్లు బుధవారం గానీ రామంటున్నారు" అన్నాడు. ఆ మాట ఏ సాఫ్ట్‌వేరులోనూ లేదు. రెడీమిక్స్ ఆర్డరు అప్పుడే గురువారానికి మార్చాము, బండి వచ్చి వెనక్కి పోయే నష్టం తప్పింది. మేస్త్రీకి "కుదరదు" అని చెప్పే హక్కు ఇవ్వడమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద మార్పు అని నా అభిప్రాయం. అది ఇవ్వడానికి మన ఇంజనీర్లకు మనసు రావాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. శనివారపు సమావేశం ఈ వారమే మొదలుపెడతాను. కానీ ప్రధాన కార్యాలయానికి బోర్డు మీద కార్డులే కావాలి. వారిని ఒప్పించడం ఎలా?

జవాబు 1 వ్రాసినవారు

కార్డులు ఇవ్వండి, కాకపోతే శనివారం మేస్త్రీలు మాట ఇచ్చిన పనులనే కార్డులుగా ఎక్కించండి. గోడ చార్టుకు ఫోటో తీసి పంపితే కార్యాలయంలో ఎవరైనా ఎక్కించగలరు, ఇప్పుడు ఏఐ పనిముట్లు కూడా ఆ పని చాలావరకు చేస్తున్నాయి. వీడియో సమావేశాన్ని వారానికి ఒకసారికి, మధ్యాహ్నానికి మార్చమని అడగండి. పద్ధతి మార్చకూడదని కన్సల్టెంటు పట్టుబడితే, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 2021లో తెచ్చిన పీఎంబాక్ (ప్రాజెక్టు నిర్వహణకు వారి మార్గదర్శక గ్రంథం) ఏడవ కూర్పును చూపండి. అంతకు ముందు కూర్పుల్లో ఉన్న ప్రక్రియల చట్రాన్ని వదిలి 12 సూత్రాల మీద దానిని నిలబెట్టారు. పని స్వభావాన్ని బట్టి పద్ధతిని మలచుకోవాలన్నది వాటిలో ఒకటి. దానితో పాటు నాలుగైదు వారాల శాతాలు, కారణాలు ఉన్న మీ కాగితాన్నీ ముందు పెట్టండి. ఎన్నిసార్లు సామగ్రి ఆలస్యం వల్ల పని ఆగిందో అందులో వారి కొనుగోలు విభాగానికే కనబడుతుంది.