సీతాకోకచిలుక రెక్కకు బయటి అంచున రంగు రావడం లేదు, డిజైన్ పంచుకునే పద్ధతీ చెప్పండి

వడపళని_మడతలు అడిగిన ప్రశ్న:
2019లో తమిళనాడు రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించిన తమిళ్ యోమన్‌ను ఒరిగామిలో చేస్తున్నాను. నారింజ రెక్కలు, చుట్టూ ముదురు గోధుమ అంచు రావాలి. ఒకవైపు నారింజ, ఇంకోవైపు గోధుమ ఉన్న 15 సెం.మీ. చదరం తీసుకున్నాను. నాలుగు అంచులూ 5 మి.మీ. చొప్పున నారింజ వైపుకు మడిచి, తర్వాత వాటర్‌బాంబ్ బేస్ (చదరం నడిబిందువు మొనగా త్రికోణంలా ముడుచుకునే ఆరంభ మడత) వేశాను. గోధుమ గీత ముందు రెక్కల పై అంచున, వెనక రెక్కల్లో ఒంటి పక్కన వస్తోంది. కావాల్సిన బయటి అంచు మాత్రం నారింజగానే మిగిలిపోతోంది. మొన కొసను పైకెత్తి నొక్కేటప్పుడు పక్కల చిరుగుతోంది కూడా. పైగా చెన్నై ఉక్కకు రెండు రోజుల్లో రెక్కలు వాలిపోతున్నాయి. ఇవి సరిపడ్డాక డిజైన్ అందరికీ ఇవ్వాలని ఉంది. ఎలా ఇవ్వాలి?

నిలువుగీత:
మీ మడతల్లో తప్పు లేదండీ, ఆ బేస్ స్వభావమే అంత. వాటర్‌బాంబ్ బేస్‌లో చదరం నాలుగు అంచులూ త్రికోణం పొడవాటి భుజం మీదికే వచ్చి చేరతాయి. ఏటవాలు భుజాలు రెండూ కర్ణాల మడతలు. మీకు రెక్క బయటి అంచుగా కనిపించేది ఆ ఏటవాలు భుజమే, అక్కడ కాగితం అంచన్నదే లేదు. చుట్టూ ఎంత వెడల్పు మడిచినా గోధుమ రంగు అక్కడికి చేరదు.

కాబట్టి ఆ అంచు మడతలు విప్పేయండి. వాటివల్ల మందం పెరగడం తప్ప లాభం లేదు. రెండు దారులున్నాయి.

ఒకటి, రెక్కల కొసలు మాత్రం ముదురుగా ఉంటే చాలనుకుంటే, బేస్ వేయకముందే నాలుగు మూలలనూ కర్ణం మీద కొలిచి 1.5 సెం.మీ. చొప్పున నారింజ వైపుకు మడవండి. చదరం మూలలే రెక్కల కొసలవుతాయి గనుక గోధుమ రంగు సరిగ్గా అక్కడే తేలుతుంది, కొస కూడా మొద్దుగా మారి సహజంగా ఉంటుంది. కత్తెరా జిగురూ లేకుండా అయిపోతుంది కాబట్టి నాకు ఇదే ఇష్టం.

రెండోది, అంచు పొడవునా రంగు కావాలంటే. ముందు మామూలు కాగితంతో బొమ్మ పూర్తిచేసి, బయటి అంచుల వెంట పెన్సిల్‌తో గీసి విప్పండి. గీతలు కర్ణాల మీద, ఒక్కో మూల నుంచి సుమారు 5.5 సెం.మీ. వరకు పడతాయి. కర్ణానికి రెండు వైపులా 4 మి.మీ. చొప్పున రంగు పెన్సిల్ వేయండి, లేదా 8 మి.మీ. వెడల్పు గోధుమ గాలిపటం కాగితం పట్టీ అతికించండి. లేజర్ ప్రింట్ మాత్రం వద్దు. పట్టీ నడుమనే మడత పడుతుంది, టోనర్ పెచ్చులు లేచి తెల్ల గీత బయటపడుతుంది.

పారిస్‌కార్నర్_కాగితం:
చిరుగు సంగతికి వస్తాను. ఈ బేస్ అంతటా 4 పొరలుంటాయి. ముందు పొర చెవులు (విడిగా కదిలే త్రికోణాలు) రెండూ మొనకు మడిచాక కొన్నిచోట్ల 6 అవుతాయి. నడిమికి మడిస్తే 12. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) జిరాక్స్ కాగితం ఒక పొర దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, అంటే ఒంటి దగ్గర 1.2 మి.మీ. మందం. అది మడతకు లొంగదు, పీచు తెగుతుంది. చెన్నై ఆండర్సన్ స్ట్రీట్ కాగితం దుకాణాల్లో 60 జీఎస్ఎం లోపు రంగు కాగితం అడగండి. మొన కొసను పై అంచు దాటి 5 నుంచి 8 మి.మీ. వరకే ఎత్తండి. ముందు రెండు పక్కల మడతలు కూర్చోబెట్టి, నడుమ చివర్న నొక్కండి. నడుమ ముందు నొక్కితే లాగుడంతా పక్కల మీద పడుతుంది.

రెక్కలు వాలడానికి చాలామంది గ్రెయిన్ (కాగితంలో పీచు పరుచుకున్న తీరు) దిక్కు మార్చమంటారు. ఈ బేస్‌లో అది పనికిరాదు. ముందు రెక్కలో రెండు పొరలుంటాయి. కర్ణం మీద తిరగబడిన పొరలో గ్రెయిన్ నిలువు అయితే రెండోదానిలో అడ్డం. ఎటు మొదలుపెట్టినా అంతే. దాన్నే వాడుకోండి: ఆ రెండు పొరల మధ్య మిథైల్ సెల్యులోజ్ (నీళ్లలో కలిపే పొడి జిగురు) పల్చగా రాసి, రెక్క వంపు తిప్పి, క్లిప్పులతో ఒక రాత్రి ఆరనివ్వండి. ప్లైవుడ్‌లాగా బిగుస్తుంది. పొడి ఒక చెంచా, నీళ్లు ఒక కప్పు. సగం వేడినీళ్లలో కలిపి, మిగతా సగం చన్నీళ్లు పోసి నానబెట్టండి. నేరుగా చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. మైదా జిగురు వద్దు, పురుగు పడుతుంది. ఐప్పసి (అక్టోబర్-నవంబర్) వానల్లో ఎండు డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి దాచండి.

నిలువుగీత:
రెండు పొరల సంగతి బాగా పట్టారు. ఒక్క మాట: పట్టీ అతికించే పద్ధతిలో జిగురు పూర్తిగా ఆరాకే బేస్ వేయాలి. తడి మీద కర్ణం మడత పక్కకు జరుగుతుంది.

బాణంగుర్తు:
పంచుకోవడం గురించి. వాటర్‌బాంబ్ బేస్ ఎవరి సొత్తూ కాదు. కానీ మొన ఎత్తి పై అంచు మీదుగా తిప్పే పద్ధతి పాతది, జపాన్ ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా సీతాకోకచిలుకల్ని గుర్తుచేస్తుంది. మీ కొత్తదనం రంగు కొసల్లో, రెక్క ఆకారంలో ఉంది. 'ఫలానా బేస్ మీద కట్టిన డిజైన్, మార్పులు ఇవి' అని మొదటి పేజీలోనే రాయండి. పట్టీ అతికించి ఉంటే అదీ చెప్పండి, ఒకే కాగితం అనుకుని మొదలెట్టినవాళ్లు సగంలో చిక్కుకుంటారు.

డయాగ్రమ్‌లో వ్యాలీ (లోపలికి పోయే) మడతకు గీతల వరుస, మౌంటెన్ (పైకి లేచే) మడతకు గీతల మధ్య చుక్కలు. ఒక్కో బొమ్మకు ఒకే పని. ఇంక్‌స్కేప్ ఉచితం, సరిపోతుంది. క్రీజ్ ప్యాటర్న్ (విప్పిన కాగితం మీద మడత గీతలన్నీ చూపే పటం) కూడా ఇస్తే బేస్ వరకే ఇవ్వండి. మొన ఎత్తాక బొమ్మ చదునుగా ఉండదు, ఆ గీతలు గందరగోళం. సరిచూసుకోవడం తేలిక: నడిబిందువు దగ్గర 4 వ్యాలీ, 2 మౌంటెన్, తేడా 2 రావాలి. ఒకటి విడిచి ఒకటి కోణాలు కూడితే 180 డిగ్రీలు.

క్రీజ్ ప్యాటర్న్ కింద పేరు, సంవత్సరం, అమ్మకానికి వాడొచ్చో లేదో రాయడం మానొద్దు. తమ క్రీజ్ ప్యాటర్న్‌లను పెయింటింగుల్లో వాడుకున్నారని 2011లో రాబర్ట్ లాంగ్ సహా ఆరుగురు ఒరిగామి కళాకారులు అమెరికాలో దావా వేశారు, 2013లో రాజీతో ముగిసింది. ఇచ్చేముందు ఈ బొమ్మ ఎరగనివాళ్లు ఇద్దరి చేత, మీరు నోరు విప్పకుండా, కాగితం చూసి మడిపించండి. వాళ్ల చెయ్యి ఆగిన అంకె దగ్గర ఇంకో బొమ్మ గీయండి.