పాత కారుకు దాచిన స్విచ్ ఒక్కటి సరిపోతుందా?

రోడ్డుపక్క పార్కింగ్:
నాది 1960ల నాటి కారు. వైరింగ్ అంతా ఒరిజినల్, స్టీరింగ్ లాక్ లేదు, గ్యారేజీ కూడా లేదు కాబట్టి రాత్రంతా రోడ్డుపక్కనే ఉంటుంది. దొంగతనం సంగతి ఎత్తితే చాలు, డ్యాష్‌బోర్డు కింద ఎక్కడో ఓ కిల్ స్విచ్ దాచేయ్, బండి స్టార్ట్ కాదు, ఇంక హాయిగా పడుకో అంటారు అందరూ. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. స్టార్ట్ కాకపోతే ఏమైంది, నలుగురు కలిసి తోసుకుంటూ వెళ్లి ట్రైలర్ ఎక్కించేస్తే ఇంజిన్ తిరగాల్సిన అవసరమే లేదు కదా. ఆపాల్సింది ఇంజిన్‌ని కాదు, చక్రాలని అంటాను నేను. మీరేమంటారు?

కాయిల్ పక్షం:
ఒప్పుకోను. ట్రైలర్‌తో వచ్చేవాడు ముందే మీ కారును ఎంచుకుని, చూసుకుని, ప్లాన్ వేసుకుని వస్తాడు. వాడు కాక, దారిలో కనిపించింది కదా అని కిటికీ సందులోంచి తలుపు తీసి వైర్లు కలిపి పోదామనుకునేవాడు ఒకడుంటాడు. పాత కార్లు వీడికి మరీ సులువు. మూల కిటికీ గడియ కాస్త వంచితే తెరుచుకుంటుంది, 50ల్లో 60ల్లో వచ్చిన చాలా బ్రిటిష్ కార్లకైతే తాళం నంబరు ఇగ్నిషన్ స్విచ్ మొహం మీదే ముద్రించి ఉంటుంది, ఆ నంబరు చూస్తే తాళంచెవి తెప్పించుకోవచ్చు. వీడిని ఆపేది స్విచ్చే.

కాకపోతే సరైన చోట పెట్టాలి. ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి (బ్యాటరీ కరెంటును స్పార్క్‌కి సరిపడా వోల్టేజీకి పెంచే చుట్ట) వెళ్లే వైరును తెంపి మధ్యలో స్విచ్ పెడతారు చాలామంది. దొంగ బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఒక వైరు వేశాడంటే మీ స్విచ్ అక్కడ ఉన్నా లేనట్టే. దానికి బదులు కాయిల్‌కి రెండోవైపు, అంటే పాయింట్ల (కాయిల్ కరెంటును కలుపుతూ తెంపుతూ స్పార్క్ తెప్పించే చిన్న కాంటాక్టులు) వైపు ఉండే వైరును స్విచ్ ద్వారా కారు బాడీకి కలపండి, అంటే ఎర్త్ చేయండి. పాయింట్లు తెరుచుకున్నా కరెంటు ఆగదు, ఆగకపోతే స్పార్క్ రాదు, ఎన్ని వైర్లు కలిపినా అంతే. పైగా ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. జాగ్రత్త ఏమిటంటే ఆ స్విచ్ వేసి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయకూడదు, కాయిల్ వేడెక్కి పాడవుతుంది. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించుకున్నవాళ్లు తయారీదారు సూచనలు చదవకుండా ఇలా చేయొద్దు.

వైరు కోయొద్దు:
అసలు పాత వైరింగ్ జోలికి వెళ్లమనే సలహానే నాకు నచ్చదు. గుడ్డ చుట్టిన వైర్లు, ఎండిపోయి పగిలిన రబ్బరు, ఫ్యూజులా రెండో మూడో ఉంటాయి, కొన్ని సర్క్యూట్లకు అవీ ఉండవు. అందులో ఎవరో సగం తెలిసినవాడు ఒక కనెక్టర్ గుచ్చి టేపు చుట్టి వెళ్తాడు. దొంగ ఎప్పుడొస్తాడో తెలియదు కానీ లూజు కనెక్షన్ మాత్రం రోజూ వేడెక్కుతూనే ఉంటుంది. కారు తగలబడిపోతే దొంగ నుంచి కాపాడి ఏం లాభం?

స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కీ పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ తీసి జేబులో వేసుకోండి చాలు. డిస్ట్రిబ్యూటర్ మూతకు రెండు క్లిప్పులు, లోపల చిన్న ప్లాస్టిక్ ముక్క, అంతే పని. 1940లో జర్మనీ దండెత్తి వస్తుందన్న భయంతో బ్రిటన్‌లో ఎవరూ లేని కారును పనిచేయని స్థితిలో వదలాలని ఆదేశమే ఇచ్చారు, అప్పుడు జనం చేసింది ఇదే. ఒక్క వైరు కూడా ముట్టుకోనక్కర్లేని పద్ధతి ఉండగా స్విచ్చులు ఎందుకండీ?

కాయిల్ పక్షం:
వైరు కోయొద్దు గారూ, పాయింట్ల పద్ధతిలో వైరు కోయడమే లేదని పైనే రాశాను, ఒకసారి చూడండి. అదనంగా వచ్చేది ఒక్క వైరే, దాన్ని మంచి టెర్మినల్‌తో బిగించి, అంచులకు ఒరుసుకోకుండా తీసుకెళ్తే చాలు.

రోటర్ సంగతికొస్తే, సంవత్సరానికి నాలుగుసార్లు బయటికి తీసే కారుకైతే బాగానే ఉంటుంది. రోజూ నడిపేవాడు వానలో బానెట్ ఎత్తి ఆ పని చేస్తాడా? ఒక వారం చేస్తాడు, తర్వాత "అయిదు నిమిషాలే కదా" అని వదిలేస్తాడు. పోయేది ఆ అయిదు నిమిషాల్లోనే. మనిషి విసుగు లేకుండా రోజూ చేయగలిగిందే భద్రత. అదీగాక ఆ మోడల్ కోసమే వచ్చినవాడి దగ్గర ఇంకో రోటర్ ఉండదని ఏం గ్యారంటీ?

పాత డీజిల్:
ఒక్క మాట. ఇదంతా పెట్రోలు కార్లకే. మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్ లాంటివాటికి స్పార్కే లేదు, ఒకసారి ఇంజిన్ అందుకుందంటే దాన్ని ఆపేది ఇంధనాన్ని కట్టేసే వాక్యూమ్ (గాలి పీడన లోటు), కరెంటు కాదు. మాలాంటివాళ్లు స్టార్టర్ సర్క్యూట్‌నో ఇంధనాన్నో చూసుకోవాలి. స్టార్టర్ ఒక్కటే ఆపితే మాన్యువల్ గేరు బండిని తోసి స్టార్ట్ చేయొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

రోడ్డుపక్క పార్కింగ్:
అందరికీ థాంక్స్, కానీ చర్చ మళ్లీ ఇంజిన్ దగ్గరికే వెళ్లిపోయింది. నేను అడిగింది చక్రాల గురించి. ఇంజిన్ స్టార్ట్ కాని కారు న్యూట్రల్‌లో పెడితే ఇద్దరు తోసినా కదులుతుంది. మన కార్లు చాలావాటిలో స్టీరింగ్ లాక్ లేదు కాబట్టి ఎటు కావాలంటే అటు తిప్పుకుంటూ తోయొచ్చు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1969 మోడళ్ల నుంచి స్టీరింగ్ కాలమ్ లాక్ పెట్టడం మొదలుపెట్టింది, అంతకుముందు కార్లున్నవాళ్లు ఈ సంగతి బాగా ఆలోచించాలి. దొంగ బ్యాటరీ వైరు ముట్టుకోకుండానే కారును వీధి చివరిదాకా తీసుకెళ్లగలిగితే, దాచిన స్విచ్ కనిపెట్టడానికి వాడికి తర్వాత కావలసినంత టైముంటుంది.

చెక్క స్టీరింగ్:
రోడ్డుపక్క పార్కింగ్ గారితో నేను ఏకీభవిస్తాను. స్టీరింగ్‌కి అడ్డంగా బిగించే లాక్ ఉంది కదా, దాన్ని దొంగ కారు నడపకుండా ఆపే వస్తువుగా చూస్తారు. స్టీరింగ్ లాక్ లేని కారులో దాని అసలు ఉపయోగం వేరు. ముందు చక్రాలను పూర్తిగా ఒకవైపు తిప్పి, బార్ తలుపుకో సీటుకో తగిలి ఆగేలా బిగిస్తే, కారును తోసినా అది గుండ్రంగా తిరుగుతుందే తప్ప తిన్నగా పోదు. చక్రాలు తిప్పి వదిలేస్తే చాలదు, లోపలికి చేయిపెట్టి మళ్లీ సరిచేసేస్తారు. గేరులో ఉంచండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి, ముక్కు గోడ వైపు పెట్టి వెనక రోజువారీ బండిని ఆనించండి. ఇందులో చివరిది ఒక్క రూపాయి ఖర్చు లేనిది, నా లెక్కలో అన్నిటికంటే గట్టిది.

అయితే పాత స్టీరింగ్ చక్రాల రిమ్ సన్నగా ఉంటుంది, రంపంతో కోస్తే తెగుతుంది. చెక్క రిమ్ అయితే లాక్ వల్ల గీతలు పడతాయి, అందుకే నేను పెడల్‌నీ స్టీరింగ్‌నీ కలిపి పట్టుకునే రకం వాడతాను, కింద మందంగా గుడ్డ చుడతాను. ఆ పాత చెక్క పాలిష్ ఒకసారి పోతే మళ్లీ అలా రాదు, దొంగ మీద కోపంతో మన కారును మనమే పాడుచేసుకోకూడదు.

వైరు కోయొద్దు:
విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) ఉన్నవాడికి మీ గేరూ హ్యాండ్‌బ్రేకూ లెక్క కాదు, లాక్కుపోతాడు. చక్రాల కింద రోలర్ పలకలు పెడితే కారు పక్కకి కూడా కదులుతుంది.

చెక్క స్టీరింగ్:
లాక్కుపోతాడు, నిజమే. కానీ టైర్లు రోడ్డు మీద ఈడుస్తుంటే వచ్చే చప్పుడు వీధి మొత్తం వింటుంది. రోలర్లు పెట్టాలంటే నాలుగు మూలలా ఎత్తాలి, అదీ టైమే. దొంగను పూర్తిగా ఆపే వస్తువు ఏదీ లేదు, వాడి చేత చప్పుడు చేయించాలి, ఆలస్యం చేయించాలి, అంతే మన చేతిలో ఉన్నది.

రాత్రి డ్యూటీ:
ట్రాకర్ మాట ఎవరూ ఎత్తలేదేంటి?

కాయిల్ పక్షం:
దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంటుంది అది. కారు పోయాక ఎక్కడుందో చెబుతుంది, పోకుండా ఆపదు. ఇనుప కంటైనర్‌లో పెట్టారంటే సిగ్నలే ఉండదు, సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ ఉంటే సరేసరి.

రాత్రి డ్యూటీ:
అలా కొట్టిపారేయకండి. కారు కదిలిన క్షణంలోనే ఫోన్‌కి కబురొచ్చే రకాలున్నాయి, వంపు తెలిసే సెన్సర్ ఉంటే ట్రైలర్ ఎక్కిస్తున్నప్పుడే తెలుస్తుంది. అప్పటికి కారు ఇంకా మన వీధిలోనే ఉంటుంది. చిక్కు అంతా కరెంటుతోనే. వారాల తరబడి నిలబడి ఉండే కారు బ్యాటరీని ట్రాకర్ ఖాళీ చేసేస్తుంది, ఆరు వోల్టుల బండ్లకూ, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపిన పద్ధతి) ఉన్న పాత బ్రిటిష్ బండ్లకూ చాలా రకాలను నేరుగా కలపకూడదు. సొంత బ్యాటరీ ఉన్నది తీసుకుంటే వైరింగ్ జోలి లేదు, వైరు కోయొద్దు గారికి కూడా ఇబ్బంది ఉండదు. ఎయిర్‌ట్యాగ్ లాంటివాటిని మాత్రం నమ్ముకోకండి. అవి వస్తువులు వెతుక్కోవడానికి చేసినవి, తెలియని ట్యాగ్ ఒకటి వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక పోవచ్చు.

వైరు కోయొద్దు:
సొంత బ్యాటరీ రకమైతే నాకు అభ్యంతరం లేదు. ఇంకో విషయం, కారు కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి దొరికితే దొంగకి అమ్ముకోవడం ఇంకా తేలిక. తీసి ఇంట్లో పెట్టండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, వీలైతే గేర్‌బాక్సు మీది నంబరు, మీకే తెలిసిన సొట్టలూ వెల్డింగ్ గుర్తులూ ఫొటోలు తీసి ఉంచండి. దొంగిలించిన పాత కారును చాలాసార్లు మొత్తంగా అమ్మరు, విప్పి భాగాలుగా అమ్ముతారు, అప్పుడు ఆ గుర్తులే మీ సాక్ష్యం. ఫొటోలు నెట్‌లో పెట్టేటప్పుడు ఇంటి గేటూ వీధి బోర్డూ కనిపించకుండా చూడండి.

పాత డీజిల్:
కవర్ కప్పితే మంచిదా కాదా? ఏ కారో కనిపించదు అనేది ఒక వాదన, కవర్ కింద దొంగ నిదానంగా పని చేసుకుంటాడు అనేది ఇంకొకటి.

చెక్క స్టీరింగ్:
రోడ్డు మీద వద్దంటాను. కవర్ కప్పి ఉందంటేనే లోపల విలువైనదేదో ఉందని తెలుస్తుంది, తడి చేరి తుప్పు పట్టడం అదనం. నాలుగు గోడల మధ్య అయితే కప్పుకోండి.

రోడ్డుపక్క పార్కింగ్:
కాయిల్ పక్షం గారూ, మీ పాయింట్ల స్విచ్ పెట్టించుకుంటాను, కానీ అది రెండో స్థానంలోనే. మొదట చక్రాలు తిప్పి బార్ బిగించడం, వెనక మా రెండో బండిని అడ్డంగా నిలపడం. సొంత బ్యాటరీ ట్రాకర్ ఒకటి సీటు స్పాంజిలోకి వెళ్తుంది. స్విచ్ ఒక్కటే చాలని మీరు ఇంకా అంటారా?

కాయిల్ పక్షం:
గ్యారేజీ లేనివాళ్లకి చాలదు, ఆ మేరకు ఒప్పుకుంటాను. గ్యారేజీలో పెట్టుకునేవాడికి మాత్రం అదే చాలు, ఈ మాట మీద నేను కదలను.