డాక్టరు ఆర్డరు మీద అనుమానం వస్తే నర్సు ఏం చేయాలి? (చర్చ)

కర్నూలు_ఫస్టియర్:
అందరికీ నమస్తే. నేను బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. మొన్ననే లాంప్ లైటింగ్ అయింది. దీపం పట్టుకుని అందరం ప్రతిజ్ఞ చదివాం. ఫౌండేషన్స్ పేపర్లో చరిత్ర, స్టాండర్డ్స్, ఎథిక్స్ ఉన్నాయి, పరీక్ష కోసం బట్టీ పడుతున్నాం. ఇంతలో మెడికల్ వార్డులో పోస్టింగ్ వేశారు. అక్కడ ఒక సంగతి చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. కేస్ షీటులో ఇన్సులిన్ 100 యూనిట్లు అని కనబడుతోందని స్టాఫ్ నర్సు అక్క డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన షీటు చూడకుండానే "రాసింది ఇవ్వు, నాకు నేర్పిస్తావా" అని కేకలేశారు. అక్క ఇవ్వకుండా సీనియర్ రెసిడెంట్‌ని (పై డాక్టరుని) పిలిచింది. ఆయన వచ్చి చూస్తే అది 10. పక్కన యూనిట్లకు గుర్తుగా పెట్టిన 'యు' అక్షరం సున్నాలా కలిసిపోయింది. ప్రతిజ్ఞలో డాక్టరుకు విధేయంగా సాయపడతానని చదివాం కదా, మరి అక్క చేసింది తప్పా ఒప్పా? అలాంటప్పుడు ఎవరి మాట వినాలి?

రిటైర్డ్_హెడ్‌నర్స్:
అమ్మా, ఆ సిస్టర్ చేసింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఆర్డరు రాసేది డాక్టరే, కానీ మందు పేషెంటు ఒంట్లోకి వెళ్లేది మన చేతుల మీదుగా. తర్వాత "నాకు రాసిచ్చారు, నేను ఇచ్చాను" అంటే ఎవరూ ఒప్పుకోరు. సరైన పేషెంటు, మందు, డోసు, దారి, టైము, రికార్డు అని మీకు నేర్పే లిస్టు మొత్తం ఇందుకోసమే.

ఇన్సులిన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, ఇది వార్డులో చేత్తో పట్టుకుని చూడు. మన దగ్గర ఇన్సులిన్ వయల్ (మందు సీసా) రెండు బలాల్లో వస్తుంది. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకోదానిలో 100. దేని సిరంజి దానిదే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 100 బలం మందుని ఎర్ర మూత సిరంజిలోకి లాగితే గీత మీద 10 దగ్గరే ఆగుతుంది, ఒంట్లోకి మాత్రం 25 యూనిట్లు వెళ్తాయి. తెల్లవారుజామున మూడింటికి ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టి, పిలిచినా పలకని పేషెంటు ఎదురైతే అప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది ఏ సిరంజి వాడారని. అందుకే లాగేముందు వయల్ మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె రెండూ పైకి చదవాలి. పక్కన ఇంకో సిస్టర్ ఉంటే ఆమెకు కూడా చూపించాలి.

పొటాషియం క్లోరైడ్ ఇంకా ప్రమాదం. మామూలుగా వచ్చే 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి తప్ప నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది. ఎవరు చెప్పినా, ఎంత తొందరలో చెప్పినా అది చేయకూడదు. కలిపే ముందు యూరిన్ వస్తోందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక అడిగే తీరు. "నేను ఇవ్వను సర్" అని మొదలుపెడితే గొడవ అవుతుంది. "సర్, షీటులో వంద యూనిట్లు అని కనబడుతోంది, ఇప్పుడు షుగర్ 240, పేషెంటు రాత్రి సగమే తిన్నాడు, ఒక్కసారి చూసి చెప్పండి" అంటే ఎంత కోపంలో ఉన్నవాళ్లయినా ఆగి ఆలోచిస్తారు. ఆగకపోతే పైవాళ్లకు ఫోన్ చేయడమే.

విశాఖ_ట్యూటర్:
మేడమ్ చెప్పినదానికి నాదొక మాట కలుపుతాను. నువ్వు అడిగిన "విధేయత" ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది చెల్లీ.

ఆ ప్రతిజ్ఞను నైటింగేల్ ప్రతిజ్ఞ అంటారు కానీ, ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఫారండ్ ట్రెయినింగ్ స్కూలు కోసం లిస్ట్రా గ్రెటర్, ఆమెతోపాటు ఒక కమిటీ రాశారు. నైటింగేల్ మీద గౌరవంతో ఆమె పేరు పెట్టారు. వైద్యుడికి విధేయంగా తోడ్పడతాను అన్న వాక్యం అందులో నిజంగానే ఉంది. హాని చేసే మందు తెలిసి తెలిసి ఇవ్వను అన్న వాక్యమూ అందులోనే ఉంది. అక్క రెండో వాక్యాన్ని పాటించింది.

1899లో మొదలైన ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నర్సెస్ 1953లో తన మొదటి నీతి నియమావళి తెచ్చింది. వైద్యుడి ఆదేశాలను తెలివితో, విధేయతతో అమలు చేయాలి, అనైతికమైన పనుల్లో పాల్గొనడానికి నిరాకరించాలి అని అందులో ఉంది. 1973లో దాన్ని తిరగరాశారు. నర్సు మొదటి బాధ్యత నర్సింగ్ సేవ అవసరమైన మనుషుల పట్ల అని అక్కడ స్పష్టంగా పెట్టారు. ఇరవై ఏళ్లలో విధేయత ఎవరి పట్ల అన్నదే మారిపోయింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2006లో తెచ్చిన నియమావళి కూడా ఈ దారిలోనే ఉంది. నేను క్లాసులో 1953, 1973 అన్న రెండు సంవత్సరాలు బోర్డు మీద పక్కపక్కన రాసి చెప్తాను. చరిత్ర పాఠం చదివేది ఇందుకే, పుట్టిన తేదీల కోసం కాదు.

స్కుటారీ_పాఠకుడు:
నేను నర్సుని కాదు, మా అమ్మ గవర్నమెంటు ఆస్పత్రిలో ఏఎన్ఎంగా చేసింది. నైటింగేల్ గురించి చిన్నప్పుడు మాకు చెప్పింది దీపం ఒక్కటే. 1854 నవంబరులో, క్రిమియా యుద్ధంలో గాయపడ్డ బ్రిటిష్ సైనికులను చూడటానికి ఆమె 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారీ ఆస్పత్రికి వెళ్లింది, రాత్రుళ్లు వార్డులు తిరిగింది, నిజమే. కానీ 1855 ఫిబ్రవరిలో ఆ ఆస్పత్రిలో మరణాల రేటు 42 శాతం దాటింది. నర్సులు అప్పటికి మూడు నెలలుగా అక్కడే ఉన్నారు! మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి భవనం కింద నిండిపోయిన మురుగు కాలవలు కడిగించి, గాలి ఆడేలా చేశాక జూన్‌కల్లా 2 శాతానికి దిగింది. యుద్ధం అయ్యాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు వేసినప్పుడు ఆమెకు ఇది పూర్తిగా తెలిసింది. ఎక్కువమందిని చంపింది తూటాలు కాదు, మురికి. ఆ లెక్కలతో బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. ఆమె గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో స్కూలు పెట్టింది 1860లో, ఆ తర్వాతే. మన దేశానికి ఎప్పుడూ రాకపోయినా ఇక్కడి సైనిక శిబిరాల నీళ్లు, మురుగు గురించి ఏళ్ల తరబడి రాసింది.

గుంటూరు_జీఎన్ఎం:
మన వైపు చరిత్ర కూడా చెప్పుకోవాలి కదండీ. 1871లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సింగ్ స్కూలు మొదలైంది, అప్పుడు మన జిల్లాలు చాలావరకు ఆ ప్రెసిడెన్సీలోనివే. గుంటూరులో లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆస్పత్రి తెరిచారు. పరాయి మగవాళ్లను తాకాలి, రక్తం, మలమూత్రాలు ముట్టుకోవాలి అని చాలా ఇళ్లలో ఆడపిల్లల్ని ఈ పనికి పంపేవాళ్లు కాదు. 1946లో దేశంలో ఆరోగ్య సేవల మీద వేసిన భోర్ కమిటీ రిపోర్టు వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. ఆ మరుసటి ఏడాదే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం. దాని స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లని తెల్ల కోటు వేసి వార్డులో నిలబెట్టడం ఇంకా చూస్తున్నాం, అది ఆగితే నాకు చాలు.

నైట్‌డ్యూటీ_హైదరాబాద్:
అన్నీ బాగున్నాయి. నేను ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తున్నాను, పేరు చెప్పను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు. నా వార్డులో రాత్రి ఒక్కదాన్నే ఉంటాను, బెడ్లన్నీ నిండి ఉంటాయి. ఒక బెడ్ దగ్గర బీపీ పడిపోతే ఇంకో బెడ్ దగ్గర సెలైన్ అయిపోయి రక్తం వెనక్కి వస్తుంటుంది. రెండు గంటలకోసారి చూడాల్సిన వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి) చార్టు పొద్దున ఆడిట్ కోసం "నింపేయ్" అంటారు. చూడని బీపీ ఎలా రాస్తాను? నేను రాయను. చూసిన టైమే వేస్తాను, మధ్యలో గడులు ఖాళీగా వదిలేస్తాను. దానికి రెండుసార్లు మెమో ఇచ్చారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి, మానేయాలన్నా కుదరదు. ఎథిక్స్ అంటే నర్సు ఒక్కదాని గుణం అన్నట్టు పాఠం చెప్తారు. మనుషుల్ని వేయని యాజమాన్యానికి ఎథిక్స్ పాఠం ఎవరు చెప్తారు?

విశాఖ_ట్యూటర్:
చెల్లీ, ఆ ఖాళీ గడులే నిన్ను కాపాడతాయి. తప్పుడు బీపీ రాసి ఉంటే పేషెంటుకి ఏమైనా అయినప్పుడు మొదట ఇరుక్కునేది నువ్వే. డ్యూటీ మొదట్లోనే "పేషెంట్లు ఇంతమంది, స్టాఫ్ ఒకరు" అని సూపరింటెండెంట్‌కి రాసిచ్చి, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. నీ ప్రశ్న మాత్రం న్యాయమైంది, దానికి సిలబస్‌లో జవాబు లేదు.

లీడ్స్_తెలుగమ్మాయి:
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆ ప్రశ్న పెద్ద విచారణ దాకా వెళ్లింది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆస్పత్రిలో పేషెంట్లను నిర్లక్ష్యం చేశారని పబ్లిక్ ఎంక్వైరీ జరిగి, 2013లో ఫ్రాన్సిస్ రిపోర్టు వచ్చింది. ఖర్చులు, టార్గెట్లు చూసుకుంటూ స్టాఫ్‌ని తగ్గించడం, చెప్పినవాళ్ల మాట వినకపోవడం, అన్నీ బయటపడ్డాయి. 2014 నుంచి పొరపాటు వల్ల హాని జరిగితే పేషెంటుకు నిజం చెప్పి క్షమాపణ అడగడం ఆస్పత్రికి చట్టపరమైన బాధ్యత. ప్రమాదం కనబడితే చెప్పడం మా నర్సింగ్ కోడ్‌లో ఒక విధి, ఊరుకుంటే అది మన తప్పు కింద లెక్క. రిజిస్ట్రేషన్ నిలవాలంటే మూడేళ్లకోసారి రీవాలిడేషన్. 450 గంటల పని, 35 గంటల చదువు, మన పని మీద మనం ఆలోచించి రాసిన ఐదు అనుభవాలు చూపించాలి. ఇక్కడా స్టాఫ్ కొరత ఉంది, నైట్స్ ఇక్కడా కష్టమే. కానీ డాక్టర్ని పేరు పెట్టి పిలిచి "ఈ డోసు నాకు సరిగ్గా అనిపించట్లేదు" అంటే ఎవరూ మనసులో పెట్టుకోరు. వచ్చిన కొత్తలో నాకు నోరు పెగల్లేదు. అక్కడ నిలబడి మాట్లాడటం మన పిల్లలకు క్లాసులోనే నేర్పాలి.

అటెండెంట్_వరంగల్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నకు క్యాన్సర్. ఆయనకు చెప్పొద్దని సిస్టర్లందరినీ బతిమాలుకున్నాం. ఒక సిస్టర్ మాత్రం "నేను అబద్ధం చెప్పలేనండీ" అంది. మాకు చాలా కోపం వచ్చింది. మీరంతా ఏమంటారు?

ఆంకాలజీ_సిస్టర్:
అన్నా, మీ బాధ అర్థమైంది. ఇలాంటి ఇల్లు నాకు దాదాపు రోజూ కనబడుతుంది. పేషెంట్లు ఇంట్లోవాళ్లను అడగరు. రాత్రి పదకొండింటికి, మీరు బయట వరండాలో పడుకున్నాక, డ్రెస్సింగ్ మారుస్తుంటే మెల్లిగా "అమ్మా, ఇది తగ్గే జబ్బేనా?" అంటారు. జబ్బు పేరు మొదటిసారి నర్సు నోటి నుంచి రాకూడదు, అది డాక్టరు కూర్చోబెట్టి చెప్పాల్సింది. అలాగని "ఏం లేదు తాతా, గ్యాస్ అంతే" అని నేను అనను. "మీకు డాక్టరు గారు ఏం చెప్పారు? ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడుగుతాను. ఆయనకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే పొద్దున డాక్టరుకి చెప్పి, మిమ్మల్ని కూడా కూర్చోబెట్టమంటాను. తెలుసుకోవాలని లేదంటే బలవంతంగా చెప్పం, అదీ ఆయన హక్కే. కొందరికి పొలం రాయించాల్సి ఉంటుంది, కొందరికి మాట్లాడటం మానేసిన తమ్ముణ్ని చూడాలని ఉంటుంది. మనం దాచిపెడితే ఆ టైము వాళ్లకు దొరకదు. ఆ సిస్టర్ మీద కోపం పెట్టుకోకండి.

అటెండెంట్_వరంగల్:
పొలం మాట చదివి ఆగిపోయానక్కా. రేపు డాక్టరు గారితో మాట్లాడతాం.

జిల్లా_ఆస్పత్రి_స్టాఫ్:
దాచడం గురించి ఇంకోటి. హెచ్ఐవీ ఉన్నవాళ్ల కేస్ షీటు మీద ఎర్ర అక్షరాలతో రాయడం, బెడ్‌కి స్టిక్కరు అంటించడం కొన్నిచోట్ల ఇంకా జరుగుతోంది. 2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, ఆ మనిషి ఒప్పుకోకుండా నలుగురికీ తెలిసేలా బయటపెట్టడానికి వీల్లేదు. పక్క బెడ్ వాళ్లూ, అదే ఊరివాళ్లూ చదువుతారు కదా! "మరి మా జాగ్రత్త?" అని ఆయాలు అడుగుతారు. గ్లౌజులు, సూదికి మూత పెట్టకుండా పడేయడం, చేతులు కడుక్కోవడం ప్రతి పేషెంటు దగ్గరా చేయాల్సినవే. టెస్టు చేయించుకోని పేషెంటుకి స్టిక్కరు ఉండదు కదా అని చెప్తే అర్థం చేసుకుంటారు.

ముంబై_తెలుగు_నర్స్:
స్టాండర్డ్ అనే మాటకు నేను ఒకే ఉదాహరణ చెప్తాను. ఇక్కడి ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరు 27న అదే ఆస్పత్రి స్వీపరు దాడి చేశాడు. మెదడు దెబ్బతిని ఆమె 2015 మే 18న చనిపోయేదాకా ఆ ఆస్పత్రిలోనే మంచం మీద ఉంది. నాలుగు దశాబ్దాలు దాటి. ఆమెను చూసినవాళ్లు రిటైరయ్యారు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు చూశారు. సుప్రీంకోర్టు పంపిన డాక్టర్లు పరీక్షిస్తే ఒంటి మీద ఒక్క బెడ్‌సోర్ (పడక పుండు) లేదు. పక్షవాతం పేషెంటుకి వారంలోనే నడుము కింద చర్మం ఎర్రబడి, రెండో వారానికి గుంట పడటం మనం చూస్తూనే ఉంటాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తడి లేకుండా తుడవడం, దుప్పటి మడత లేకుండా లాగడం, ఇన్నేళ్లు, ఒక షిఫ్టు కూడా వదలకుండా చేశారు. 2011 తీర్పులో కోర్టు కొన్ని షరతులతో పాసివ్ యూథనేషియాకు (బతికించే చికిత్స ఆపి చనిపోనివ్వడానికి) దారి తెరిచింది కానీ అరుణ విషయంలో ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు చూసుకున్న ఆస్పత్రి సిబ్బంది మాటకే విలువ ఇచ్చింది. ఆమెను అలా ఉంచడం సరైనదా అన్న ప్రశ్న నాలో ఇప్పటికీ ఉంది. ఆ నర్సుల చేతి పని మీద మాత్రం ఎవరికీ ప్రశ్న ఉండకూడదు.

కర్నూలు_ఫస్టియర్:
అందరికీ చాలా థ్యాంక్స్. 1953, 1973 నోట్సులో పక్కపక్కన రాసుకున్నాను. ఒక్క ప్రశ్న. ఫోన్ చేసిన సంగతి రికార్డులో రాయాలా? రాస్తే డాక్టరు మీద కంప్లైంట్ చేసినట్టు అవుతుందేమో అని మా బ్యాచ్‌లో అందరికీ భయం.

రిటైర్డ్_హెడ్‌నర్స్:
రాయాలి అమ్మా. ఎవరినీ నిందించకుండా జరిగింది జరిగినట్టు రాయి. "రాత్రి 10.20, షుగర్ 240. ఇన్సులిన్ డోసు స్పష్టంగా లేదు. 10.25కి డ్యూటీ డాక్టరుకి ఫోన్‌లో తెలియజేశాను. డోసు ఇవ్వలేదు. 10.40కి సీనియర్ రెసిడెంట్ చూసి 10 యూనిట్లు అని తిరిగి రాసి సంతకం చేశారు. 10.45కి ఇచ్చాను." అంతే, సంతకం. కోపం, కేకలు అందులో వద్దు. ఫోన్‌లో ఆర్డరు చెప్తే విన్నది విన్నట్టు తిరిగి చదివి వినిపించి, వచ్చినప్పుడు సంతకం చేయించుకో. రాసింది తప్పయితే ఒక్క గీత కొట్టి, కింద అక్షరాలు కనబడేలా ఉంచి, పక్కన సంతకం పెట్టు, వైట్‌నర్ వేయొద్దు. ఇంకోటి, నువ్వు స్టూడెంటువి, స్టాఫ్ గానీ ట్యూటర్ గానీ పక్కన లేకుండా ఇన్సులిన్ సిరంజి ముట్టుకోకు. వార్డు ఎంత బిజీగా ఉన్నా, "నువ్వు ఇచ్చేసిరా" అని ఎవరన్నా సరే.